పెట్టెలో వచ్చిన పానా వంగిపోతే మెషీన్ డూప్లికేటా?

ప్రశ్న: అన్నా, నమస్కారం. మాది తాడిపత్రి. బండలు పరిచే పని చేస్తాను, దాంతోపాటు గేట్లు, రెయిలింగులు బిగిస్తాను. రెండు నెలల కింద అనంతపురంలో ఒక నాలుగు ఇంచుల గ్రైండర్, ఒక 13 ఎంఎం డ్రిల్ మెషీన్ కొన్నా. డ్రిల్‌తో పాటు బిట్లు, ఆరు మూలల అలెన్ కీలు ఉన్న పెట్టె కూడా ఇచ్చినారు. మెషీన్లు బాగానే తిరుగుతున్నాయి. కానీ గ్రైండర్‌తో వచ్చిన రెండు పిన్నుల పానా నెల తిరక్కుండానే వంగిపోయింది. మొన్న డిస్కు నట్టు బిగుసుకుపోతే ఆ పానాతో రాలేదు. ఉలి పెట్టి సుత్తితో కొట్టినా, అప్పటికీ రాలేదు. డ్రిల్‌లో బిట్టును పట్టుకునే చక్‌ను బిగించే కీ జారిపోతోంది. పెట్టెలో వచ్చిన బిట్టుతో ఇనుప పట్టీకి రంధ్రాలు వేస్తుంటే మూడో రంధ్రానికే మొన నీలంగా కాలిపోయింది. మా నాయన ‘డూప్లికేట్ సరుకు తెచ్చినావు, డబ్బంతా మట్టిలో పోసినావు’ అంటున్నాడు. నిజంగా డూప్లికేటా? వెనక్కి ఇచ్చేయాలా? పానాలు, కీలు విడిగా కొంటే దండగ ఖర్చా? చెప్పు అన్నా.

జవాబు: తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ గ్రైండర్ ప్లగ్గు పీకి పక్కన పెట్టు. సుత్తి దెబ్బలు తిన్న గ్రైండర్‌ను చూసుకోకుండా మళ్లీ ఆన్ చేయొద్దు.

ఎందుకో చెప్తాను. గేర్ల పెట్టె మీద నువ్వు బొటనవేలితో నొక్కే బటన్ ఉంది కదా, దాని కింద ఒక చిన్న ఇనుప పిన్ను ఉంటుంది. నొక్కినప్పుడు అది లోపల గేరుకున్న గుంటలోకి దిగి స్పిండిల్‌ను, అంటే డిస్కును తిప్పే ఇరుసును, తిరగకుండా ఆపుతుంది. బయట నట్టు మీద నువ్వు కొట్టిన ప్రతి దెబ్బా లోపల ఆ చిన్న పిన్ను మీద, దాన్ని పట్టుకున్న అల్యూమినియం పెట్టె మీద పడింది. పిన్ను వంగి ఉంటే బటన్ సగంలో ఇరుక్కుంటుంది. మెషీన్ తిరుగుతున్నప్పుడు ఆ పిన్ను గేరుకి తగిలిందంటే గేరు పళ్లు పోతాయి, ఒక్కోసారి పెట్టే పగులుతుంది. నా బెంచీ మీదికి వచ్చే గ్రైండర్లలో ఇట్లా పోయినవి చానా ఉంటాయి. కాయిల్ కాలి వచ్చినదానికైతే కాయిల్ మారుస్తాను. పెట్టె పగిలి వచ్చినదానికి అయ్యే ఖర్చు చెప్పడానికే నాకు నోరు రాదు.

నట్టు ఊడదీయడానికి సుత్తి అక్కర్లేదు. అది బిగుసుకుంది మర తుప్పు పట్టి కాదు. పనిచేసేటప్పుడు డిస్కు బండలోనో ఇనుములోనో ఇరుక్కున్న ప్రతిసారీ నట్టు ఇంకొంచెం బిగుస్తుంది. గ్రైండర్‌ను అట్లాగే తయారుచేస్తారు, తిరుగుతూ తిరుగుతూ ఊడిపోకుండా ఉండాలని. డిస్కుకీ నట్టుకీ మధ్య ఒత్తిడే దాన్ని పట్టుకుని ఉంది. కాబట్టి ఆ ఒత్తిడి తీసేయాలి. నీది పల్చటి కటింగ్ డిస్కు అయితే, కళ్లద్దాలు పెట్టుకుని, కటింగ్ ప్లయరుతో దాన్ని అంచు నుంచి ముక్కలు ముక్కలుగా విరుచుకుంటూ లోపలికి రా. నట్టు కింద ఉన్న భాగం కూడా నలిగి రాలిపోయేసరికి నట్టు చేత్తో తిరిగేంత వదులవుతుంది. డిస్కు పోతే పోయింది, దాని ధర ఎంతని! డైమండ్ బ్లేడు అయితే విరిచే వీలు లేదు. దానికి మంచి పానా ఒకటే దారి. మర సులువుగా జారేలా తుప్పు వదిలించే స్ప్రే కొంచెం కొట్టి గంట ఆగు. స్పిండిల్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ బటన్ నొక్కితే ఒకచోట టక్కున దిగుతుంది, అది పూర్తిగా దిగాకే పానా పట్టు. ఒక అరచేత్తో పానాను నట్టు మీదికి అదిమి పెట్టి, పిన్నులు పైకి లేవకుండా చూసుకుంటూ, రెండో చేత్తో పానా చివర ఒక్క ఊపు ఇవ్వు.

ఊడొచ్చాక బటన్ నొక్కి వదిలి చూడు, స్ప్రింగుకి పూర్తిగా పైకి రావాలి. స్పిండిల్‌ను చేత్తో తిప్పితే ఎక్కడా గరగర రాకూడదు, పక్కకి ఊపితే ఆడకూడదు. బటన్ చుట్టూ వెంట్రుకంత పగులు కనిపించినా మెకానిక్ దగ్గరికి తీసుకుపో. బటన్ మామూలుగానే మొండికేస్తుంటే అది దెబ్బ వల్లే అనుకోనక్కర్లేదు. మన దగ్గర బండల పొడి ఎంత సన్నగా ఉంటుందో నీకు తెలుసు, అది బటన్ సందులో చేరి గట్టిపడుతుంది. పని అయ్యాక రోజూ గాలి కొట్టించు. లేకపోతే బ్రష్షుతో దులుపు.

ఇక మీ నాయన మాట. మెషీన్ డూప్లికేట్ అని పానాను చూసి చెప్పలేం. నేను ముప్పై ఏళ్లుగా మెషీన్లు విప్పుతున్నాను. లోపల మంచి బేరింగులు, గట్టి గేర్లు, చక్కగా చుట్టిన ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) ఉన్న మెషీన్‌కి కూడా పెట్టెలో రేకు పానా వేసి పంపిస్తారు. పేరున్న కంపెనీలూ అంతే, పేరులేనివీ అంతే. ఏనుగును అమ్మి అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది వాళ్ల వ్యవహారం. కొనేవాడు వాట్లు చూస్తాడు, ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లో) చూస్తాడు, ధర చూస్తాడు. పెట్టె అడుగున కవర్లో ఉన్న పానాను బయటికి తీసి చూసేవాడు వందలో ఒక్కడు ఉండడు. ఎవరూ చూడని చోట ఖర్చు తగ్గించుకోవడం తయారుచేసేవాడికి సులువు. దీని మీద నాకు కోపం ఉంది, ఆ కోపం దాచుకోను. వేల రూపాయల మెషీన్‌కి ఇంకో యాభై రూపాయల ఉక్కు కలిపితే ఆ మెషీన్ పదేళ్లు బతుకుతుంది.

ఆ పానాలో లోపం ఏంటో నీకు తెలిసేలా చెప్పాలంటే మీ ఊరి పనే గుర్తుకొస్తోంది. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి గోపురాల మీద ఆ రాతి పని చూశావు కదా. దగ్గరికి పోయి చూస్తే తీగ చుట్టలు, పూసల వరసలు, అన్నీ ఉలితో చెక్కినవే. రాతి పనివాడి ఉలిని కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి, మొన ఒక్కటే నీళ్లలో ముంచి పాయనం పెడతాడు. అప్పుడు మొన రాయిని కోసేంత గట్టిపడుతుంది. తల భాగానికి మాత్రం పాయనం పెట్టడు. తల కూడా గట్టిపడితే సుత్తి దెబ్బకి పెచ్చు లేచి కంట్లో పడుతుంది. అందుకే ఉలి తల మెత్తగా ఉండి పువ్వులా విచ్చుకుంటుంది. ఒకే ఇనుప ముక్కలో ఎక్కడ ఎంత గట్టిదనం ఉండాలో కమ్మరికి తెలుసు.

నీ పెట్టెలోని పానాకి ఆ పాయనమే లేదు. రేకును ప్రెస్సులో నొక్కి కోసి, రెండు పిన్నులు గుచ్చి, పైన నల్లరంగో తెల్లపూతో వేస్తారు. ఒకసారి దాన్ని వెలుతురులో పట్టుకుని పిన్నుల మొదలు చూడు. పిన్ను చుట్టూ సన్నటి సందు, పిన్ను కొంచెం పక్కకి ఒరిగినట్టు కనిపిస్తుంది. నట్టు గుంటలో పిన్ను నిటారుగా నిలబడితే బలం మొత్తం గుంట గోడ మీద సమానంగా పడుతుంది. ఒరిగిన పిన్ను అంచు మీద మాత్రమే ఆనుతుంది. జారిన ప్రతిసారీ గుంట గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఆ తర్వాత ఎంత మంచి పానా తెచ్చినా ఆ గుంటలో నిలవదు. చవక పానా తను పాడైపోయి ఊరుకోదు తమ్ముడూ, మెషీన్ వస్తువును కూడా పాడుచేసి పోతుంది. మెత్తటి కీ వాడొద్దని అందరికీ చెప్పేది అందుకే.

ఒక మాట కంపెనీల వైపు నుంచి కూడా చెప్పాలి. బిగించడానికైతే ఆ రేకు పానా సరిపోతుంది. నట్టు పనిలో తనంతట తనే బిగుస్తుంది కాబట్టి చేత్తో బిగించి, పానాతో ఒక చిన్న పట్టు పడితే చాలు. నువ్వు బలంకొద్దీ బిగించేవాడివైతే ఆ అలవాటు మానుకో. కష్టం వచ్చేది విప్పేటప్పుడే. కొత్త పానా కొనేటప్పుడు పాతదాన్నీ, నట్టునీ జేబులో వేసుకుని పో. రెండు పిన్నుల మధ్య దూరం అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. షాపువాడు ‘అన్నిటికీ పడుతుంది’ అంటే నమ్మొద్దు, కౌంటర్ మీదే నట్టు గుంటల్లో పెట్టి చూడు. రేకు కంటే మందంగా, పట్టుకునే చోటు పొడవుగా, పిన్నులు కదలకుండా ఉన్నది తీసుకో. వంద రూపాయల అటూ ఇటూ అవుతుంది. గుంటలు అరిగిపోయి ఉంటే నట్టు, లోపలి వాషరు కలిపి జతగా దొరుకుతాయి, అవి కూడా మార్చెయ్. డిస్కు పెట్టే ముందు ఆ రెండు ముఖాల మీద బండ పొడి లేకుండా గుడ్డతో తుడువు. డిస్కుకి రెండువైపులా కాగితం బిళ్ల ఉంటే దాన్ని పీకెయ్యొద్దు, నట్టు మొండికేయకుండా చూసేది అదే.

అలెన్ కీల గురించి నువ్వు ఏమీ ఫిర్యాదు చేయలేదు. అంటే ఇంకా వాటి అవసరం పడలేదన్నమాట. నాకు మాత్రం ఆ బాధ బాగా తెలుసు. పని మొదలుపెట్టిన కొత్తలో చెక్క కోసే జిగ్‌సా మెషీన్ ఒకటి కొన్నాను. బుక్కరాయసముద్రంలో ఒక ఇంటికి తలుపుల పని. బ్లేడు పట్టుకునే స్క్రూని పెట్టెలో ఇచ్చిన కీతో విప్పుతున్నాను. రెండుసార్లు విప్పి బిగించాను, మూడోసారి కీ తిరిగింది, స్క్రూ తిరగలేదు. కీ బయటికి తీసి చూస్తే ఆరు మూలలూ మెరుస్తున్నాయి, వేలితో తడిమితే పెన్సిల్ అంత నున్నగా ఉంది. స్క్రూ గుంటలో ఇనుప పొడి. ఆ స్క్రూని బయటికి తీయడానికి తల మీద డ్రిల్ వేయాల్సి వచ్చింది, ఒక పూట పని పోయింది. ఇంటాయన వరండాలో నిలబడి చూస్తున్నాడు. ఆయన ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఆ రోజు సాయంత్రమే అనంతపురం వచ్చి ఒక మంచి సెట్టు కొన్నాను. అందులో మూడు కీలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

ఆరు మూలల గుంటలో కీ నిలవాలంటే రెండు కావాలి, కొలత సరిగ్గా ఉండాలి, ఉక్కు గట్టిగా ఉండాలి. చవక కీ కొలతలో ఒక వెంట్రుక తక్కువ ఉంటుంది, మూలలు ముందే కొంచెం గుండ్రంగా ఉంటాయి. దానికి తోడు ఎంఎం కీ, ఇంచు కీ కలిసిపోతాయి. 5 ఎంఎం గుంటలో 3/16 ఇంచు కీ దూరుతుంది, ఎందుకంటే అది 4.76 ఎంఎం. దూరింది కదా అని తిప్పితే స్క్రూ పోయినట్టే. మన షాపుల్లో ఎల్లెన్ కీ అని అడిగినా ఇస్తారు. టపారియా లాంటి పాత పేరున్న కంపెనీది ఎంఎం సెట్టు ఒకటి తీసుకో, మీద క్రోమ్ వెనేడియం (గట్టి ఉక్కు రకం) అని రాసి ఉన్నది చూసుకో. తొమ్మిది కీల సెట్టు, మీ ఇంట్లో సైకిల్ నుంచి మంచం దాకా అన్నిటికీ పనికొస్తుంది. ఇప్పుడు మెషీన్‌తో వచ్చిన కీ ఒకవేళ మూలలు అరిగి ఉంటే పారేయకు. అరిగింది చివరి నాలుగు ఎంఎం మాత్రమే. ఆ ముక్కను గ్రైండర్ మీద అడ్డంగా కోసెయ్, లోపల కొత్త మూలలు బయటపడతాయి. కోసేటప్పుడు రెండు క్షణాలకొకసారి నీళ్లలో ముంచు. రంగు మారిందంటే ఉన్న కొంచెం పాయనం కూడా పోయిందన్నమాట.

చక్ కీ. 1902లో అమెరికాలో ఆర్థర్ జేకబ్స్ అనే ఆయన ఈ పళ్ల కీతో బిగించే చక్‌కి పేటెంట్ తీసుకున్నాడు. నూట ఇరవై ఏళ్లు దాటినా నీ డ్రిల్‌లో ఉన్నది దాదాపు ఆ పద్ధతే, అంత బాగా పనిచేసే వస్తువు అది. కానీ అది పనిచేసేది కీ పళ్లు, చక్ పళ్లు ఒకదాంట్లో ఒకటి పూర్తిగా కూర్చుంటేనే. నీ కీ ఎందుకు జారుతోందో చూడు. కీ ముందు ఉన్న బుడిపె చక్ రంధ్రంలో వదులుగా ఆడుతుంటే, ఆ కీ ఆ చక్‌ది కాదు, పెట్టెలు సర్దేటప్పుడు మారిపోయి ఉండొచ్చు. బుడిపె సరిగ్గా ఉండి పళ్లు చదునైపోయి ఉంటే మెత్తటి ఇనుము. రెండిట్లో ఏదైనా వాడకం ఆపెయ్. చక్ రింగు పళ్లు అరిగితే చక్ మొత్తం మార్చాలి, కీ ధరకి చాలా రెట్లు అవుతుంది. ఇక్కడ కూడా చక్‌ను చేతపట్టుకుని షాపుకి పో, అంటే డ్రిల్‌ను తీసుకునే పో.

బిగించే పద్ధతి కూడా చూసుకో. చక్‌కి మూడు రంధ్రాలు ఉన్నది అందం కోసం కాదు. చాలామంది ఒక్క రంధ్రంలో బలంకొద్దీ బిగించి వదిలేస్తారు. మూడింట్లోనూ వరసగా బిగిస్తే దవడలు మూడూ బిట్టును సమానంగా పట్టుకుంటాయి. ఒకదాంట్లోనే బిగిస్తే డ్రిల్‌ను హామర్ (కొడుతూ తిరిగే పద్ధతి) మీద పెట్టినప్పుడు బిట్టు లోపల తిరుగుతుంది, దవడలకు గీతలు పడతాయి, ఆ తర్వాత ఏ బిట్టూ నిలవదు. ఇంకొకటి, బిగించాక కీని చక్‌లో మరచిపోయి స్విచ్ నొక్కడం. అది ఎటు ఎగిరిపోతుందో ఎవరూ చెప్పలేరు. కీని వైరుకి ప్లగ్గు దగ్గర కట్టి పెట్టుకో. కీ వాడాలంటే ప్లగ్గు పీకాల్సిందే, ఆ దూరంలో కట్టు.

బిట్టు కాలిపోయిన సంగతిలో తప్పు మొత్తం బిట్టుది కాదు, సగం నీది కూడా ఉంది. కోప్పడకు. నీ డ్రిల్ పూర్తి వేగంలో నిమిషానికి 2,800 చుట్ల దాకా తిరుగుతుంది అనుకో. మామూలు ఇనుములో 6 ఎంఎం బిట్టుకి 1,300 చుట్లు చాలు, 10 ఎంఎంకి 800 చాలు. బిట్టు లావయ్యేకొద్దీ అంచు వేగం పెరుగుతుంది కాబట్టి చుట్లు తగ్గాలి. నువ్వు స్విచ్ పూర్తిగా నొక్కి, లాక్ వేసి, నూనె చుక్క లేకుండా వేసి ఉంటావు. మంచి బిట్టయినా అట్లా ఎక్కువసేపు నిలవదు. అయితే మంచి హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టు 600 డిగ్రీల దగ్గర కూడా గట్టిదనం పోగొట్టుకోదు. మామూలు కార్బన్ ఉక్కు బిట్టు 250 డిగ్రీలు దాటేసరికి మెత్తబడుతుంది. నీది మూడో రంధ్రానికే నీలంగా మారి కోయడం మానేసిందంటే అది హెచ్‌ఎస్‌ఎస్ అని నేను నమ్మను, మీద ఏ అక్షరాలు అచ్చేసినా సరే.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మంచి ఆకురాయి ఒకటి తీసుకుని బిట్టు కోసే అంచు దగ్గర మెల్లగా రుద్దు. కాడ దగ్గర కాదు, కాడ మంచి బిట్టుకి కూడా మెత్తగానే ఉంటుంది. ఆకురాయి అద్దం మీద జారినట్టు జారిపోతే గట్టి బిట్టు. పట్టుకుని పొడి రాలిస్తే మెత్తటిది. పెట్టెలోని బిట్లన్నీ ఇట్లా రుద్ది రెండు కుప్పలు పెట్టు. మెత్తటివి చెక్కకి, ప్లాస్టిక్‌కి పనికొస్తాయి, ఇనుము దగ్గరికి తీసుకుపోవద్దు. గోడ బిట్లు వేరు, వాటి మొన మీద టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క అతికించి ఉంటుంది. ఆ ముక్క రెండువైపులా సమానంగా లేకపోయినా, అతుకు దగ్గర సందు కనిపించినా, వేడికి ఊడిపోతుంది. ఇటుక గోడకి, సిమెంటు పూతకి వాడుకో, కాంక్రీటు పిల్లర్ దగ్గర వాటిని నమ్మకు.

నీకు నిజంగా కావలసింది ఇరవై బిట్ల పెట్టె కాదు. రోజూ వాడేవి ఏవో నీకే తెలుసు, బహుశా గోడకి 6, 8, ఇనుముకి 4, 6, 8, అంతే. ఆ ఐదు మంచివి విడిగా కొను. ఇనుముకి పంచ్‌తో చిన్న గుంట కొట్టి, చుక్క నూనె వేసి, స్విచ్ సగమే నొక్కి, చుట్టలు చుట్టలుగా తునకలు వచ్చేలా నొక్కి వెయ్. పొడి వస్తోందంటే బిట్టు రుద్దుకుంటోంది తప్ప కోయడం లేదు. మన నల్ల బండలకి రంధ్రం వేసేటప్పుడు హామర్ ఆపెయ్, ముఖ్యంగా అంచుకి దగ్గరగా ఉంటే. పొర లేచిపోతుంది. ఇది నీకు నేను చెప్పేదేముంది, నువ్వే నాకు చెప్తావు.

ఇప్పుడు నువ్వు అడగనిదీ, నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేదీ. గ్రైండర్‌తో పాటు పెట్టెలో ఒకటో రెండో డిస్కులు ఇచ్చి ఉంటారు. పానా వంగితే పని ఆగుతుంది, బిట్టు కాలితే డబ్బు పోతుంది, డిస్కు పగిలితే మనిషి పోతాడు. నీ గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది అనుకో. నాలుగు ఇంచుల డిస్కు అంచు వేగం లెక్క కడితే గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. అది నీ మొహానికి రెండు అడుగుల దూరంలో ఉంటుంది. అంత వేగానికి తట్టుకునే డిస్కు మీద కొన్ని సంగతులు అచ్చేసి ఉండాలి. నాలుగు ఇంచుల దానికి 15,300 ఆర్‌పీఎం లేదా సెకనుకు 80 మీటర్లు అని ఉంటుంది. ఏ పనికో రాసి ఉంటుంది, కోయడానికా, అరగదీయడానికా అని. కోసే పల్చటి డిస్కుతో పక్కవాటంగా అరగదీయొద్దు. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న ఇనుప రింగు మీద నెల, సంవత్సరం ఉంటాయి. అది మందుల స్ట్రిప్పు మీద ఎక్స్‌పైరీ లాంటిదే, తయారైన మూడేళ్ల వరకు. అందులో ఉండే జిగురు పాతబడుతుంది, తేమ తగిలితే ఇంకా త్వరగా బలహీనపడుతుంది. పెట్టెలో వచ్చిన డిస్కు మీద ఈ రాతలు లేకపోతే, అది ఎంత కొత్తగా మెరుస్తున్నా సరే, సగానికి విరిచి చెత్తలో వెయ్. విరవకుండా వేస్తే ఎవరో పిల్లగాడు ఏరుకుని వాడతాడు.

గార్డు తీసేసి పెద్ద డిస్కు పెట్టడం, చెక్క కోసే పళ్ల బ్లేడు గ్రైండర్‌కి తగిలించడం, ఈ రెండూ మన వైపు చూస్తుంటాను. చేతివేళ్లు పోయినవాళ్లు నా షాపుకి వచ్చి నాతో మాట్లాడి పోయినారు తమ్ముడూ. నువ్వు చేయవని నమ్ముతాను. పెట్టెలో పక్క పిడి ఒకటి ఇచ్చి ఉంటారు, చాలామంది దాన్ని అసలు కవర్ కూడా విప్పరు. పెట్టెలో వచ్చే సామానులో కంపెనీలు సరిగ్గా ఇచ్చేది నాకు తెలిసి అదొక్కటే. బిగించుకో. రెండు చేతులూ మెషీన్ మీద ఉంటే డిస్కు ఇరుక్కున్నప్పుడు మెషీన్‌ను ఆపుకోవడానికి పట్టు ఉంటుంది. కళ్లద్దాలు, మాస్కు ఎట్లాగూ పెట్టుకుంటావు కదా.

వెనక్కి ఇవ్వడం గురించి. మెషీన్లు బాగా తిరుగుతున్నాయి అన్నావు, కాబట్టి వాటిని వెనక్కి ఇవ్వాల్సిన పనిలేదు. సుత్తి దెబ్బలు తిన్న గ్రైండర్‌ను వారంటీలో ఎవరూ తీసుకోరు కూడా. కానీ బిల్లు తీసుకుని ఆ షాపుకి పోయి పానా, చక్ కీ చూపించు. గొడవ పెట్టుకోవద్దు, ‘అన్నా, నెలకే ఇట్లా అయింది, కంపెనీవాళ్లకి చెప్పు’ అని చెప్పు. వారంటీ కార్డులో ఇట్లాంటి సామాను సాధారణంగా ఉండదు, అయినా మంచి షాపువాడు ఇంకో చక్ కీ ఇచ్చి పంపిస్తాడు. పదిమంది వచ్చి చూపిస్తేనే ఆయన కూడా సేల్స్‌మన్‌ను అడుగుతాడు. మనం ఎవరం అడగకపోవడం వల్లే ఆ రేకు పానాలు ఇన్నేళ్లుగా వస్తున్నాయి. ఇకముందు ఎప్పుడు మెషీన్ కొన్నా పెట్టె అక్కడే విప్పించు, పానా నట్టులో పెట్టి చూడు, చక్ కీ మూడు రంధ్రాల్లో తిప్పి చూడు, ఆ తర్వాత డబ్బు కట్టు.

విడిగా కొనేది దండగా అని అడిగావు. పానా, అలెన్ సెట్టు, చక్ కీ, ఐదు మంచి బిట్లు, అన్నీ కలిపినా నీ ఒకరోజు కూలి కంటే కొంచెం ఎక్కువ అవుతుందేమో. ఒకేసారి కుదరకపోతే ముందు పానా, చక్ కీ కొను. అవే మెషీన్‌ను పాడుచేసేవి. బిట్లు పని వచ్చినప్పుడు ఒక్కొక్కటి కొనుక్కో. మీ నాయనకి ఆకురాయి ఇచ్చి ఆ కాలిన బిట్టును, కొత్తగా కొన్న బిట్టును ఆయన చేత్తోనే రుద్దించు. ఇనుము తెలిసిన మనిషైతే మాటతో పనిలేదు, చేతికి తెలిసిపోతుంది.

నట్టు ఊడొచ్చాక ఆ డిస్కు ఇనుప రింగును పారేయకు. దాని మీద ఏ నెల, ఏ సంవత్సరం ఉందో చూసి నాకు రాయి. బటన్ పైకి వస్తోందో లేదో కూడా రాయి. రాకపోతే గ్రైండర్‌ను అట్లాగే సంచిలో వేసుకుని బస్సెక్కి అనంతపురం వచ్చెయ్, విప్పి చూద్దాం.